అంటుకోదని చెప్పమను

నాకు అరబ్బీ బాగా వచ్చు. గొప్పకు చెప్పడం లేదు, సౌదీలో జిజాన్ దగ్గర మా కంపెనీ క్యాంపులో ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఇకామా, అంటే ఇక్కడుండే కార్డు, రెన్యూవల్ దగ్గర చిక్కొచ్చినా, రోడ్డు మీద పోలీసు బండి ఆపినా, ఫార్మసీలో మందు పేరు చెప్పలేకపోయినా "లింబన్నను పిలువుండ్రి" అంటారు. ఊళ్ళోని పెద్దాసుపత్రిలో ఏసీల మెయింటెనెన్సు కాంట్రాక్టు మా కంపెనీదే. నేను అక్కడ ఫోర్‌మన్‌ని. చదివింది ఏడో తరగతి, అదీ మెట్‌పల్లి పక్కన మా ఊరి బళ్ళో. అయినా ఆ ఆసుపత్రిలో డాక్టర్ల నుంచి గేటు కాడి సెక్యూరిటీ దాకా అందరూ నన్ను "ముహందిస్" అనే పిలుస్తారు. ఇంజనీరు అన్నమాట. మొదట ఎవరో వేళాకోళానికి అన్నారు, తర్వాత అదే ఖాయమైంది. నేనూ కాదనలేదు. నాలుగు మంచి మాటలు ఊరికే వస్తుంటే వద్దనడానికి నాకేం పిచ్చా?

దేవన్న సంగతి వేరు. మా పక్క మండలం వాడే, టైల్స్ పని. నోట్లో వేలు పెడితే కొరకలేడు అంటారే, ఆ రకం. వచ్చి రెండేళ్ళు దాటినా అరబ్బీలో సరే అనడానికి "తమామ్" తప్ప ఇంకో ముక్క రాలేదు. హిందీ కూడా అంతంత మాత్రమే. అట్లాంటి వాడికి పోయిన ఏడాది మోచేతుల మీద ఎర్రటి మచ్చలు లేచాయి. వాటి మీద తెల్లగా పొలుసులు కట్టేవి. తర్వాత మోకాళ్ళకు, తలలోకి పాకాయి. పొద్దున లేస్తే దుప్పటి మీద పొట్టు రాలి ఉండేది. ఆ పైన వేళ్ళు వాచడం మొదలుపెట్టాయి. కుడిచేతి చూపుడువేలైతే మొదలు నుంచి కొసదాకా అరటిపండంత అయింది. ఫార్మసీలో అడిగి తెచ్చిన పూత మందు రాస్తున్నా తగ్గలేదు.

క్యాంపులో మాది పదిమంది పొత్తు. ఒకరోజు ఒకరు వండుతారు, అందరం కింద పేపర్లు పరుచుకుని గుండ్రంగా కూర్చుని తింటాం. పొత్తుకు పెద్దను నేనే. ఒకరోజు రాము నా చెవిలో గొణిగాడు.

"లింబన్నా, నీకు జెప్పుడు మంచిదని జెప్తున్న. దేవన్న వండిన రోజు నాకు ముద్ద దిగుతలేదే. పప్పుల పొట్టు రాలినట్టు అనిపిస్తది."

రాము అంటే కుర్రకుంక, వాడి మాట పక్కన పెట్టొచ్చు. కానీ మర్నాడు ఇంకొకడు "పెద్దరోగమేమో" అన్నాడు. పెద్దరోగం అంటే కుష్ఠని మా దిక్కు పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ మాట ఒకసారి గదిలో పడ్డాక ఇక ఎవరి అన్నం వాళ్ళకు సహించలేదు. పదిమంది తినే చోట పెద్దమనిషి ఏదో ఒకటి చెయ్యాలి కదా? నేనూ మంచిగానే చెప్పాను. గొంతు కూడా పెంచలేదు. "తమ్మీ, తక్కువయ్యేదాంక నీ కంచం, గిలాస వేరే పెట్టుకో. వంట వంతు నీకొద్దు, మేం జూసుకుంటం. మంచం జర బాత్రూం దిక్కు జరుపుకో, గాలి సుత మంచిగొస్తది" అన్నాను.

బాత్రూం దిక్కు గాలి మంచిగొస్తుందట! చెప్పడానికి నాకు నోరెలా వచ్చిందో. దేవన్న మాత్రం తల ఊపాడు. ఆ రోజు నుంచి తన కంచంలో పెట్టింది తీసుకుని బయట మెట్ల మీద కూర్చుని తినేవాడు. కొన్నాళ్ళకు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"లింబన్నా, ఇది అంటుకోదని డాక్టరు నోటితోని అంటే నన్ను మళ్ల పొత్తుల కలుపుకుంటరా?"

"కలుపుకోక యాడికి పోతం రా. డాక్టరు అన్నడంటే అయిపాయె. నా మాటంటే మాట."

"గట్లయితే నువ్వే తోల్కపో. నాకు అడుగరాదు. అంటుకోదని చెప్పమను, గంతే."

సరే, నా పలుకుబడి వాడుకున్నాను. ఆసుపత్రిలో చర్మం డాక్టరు ఇద్రీస్ అని సూడాన్ ఆయన. ఆయన గదిలో ఏసీ నీళ్ళు కారితే నేనే స్వయంగా నిచ్చెనెక్కి బాగు చేశాను. ఆయన దేవన్న చేతులను గుమ్మంలోనే అలా చూసి, ముఖం వెలిగిపోయి, "యా ముహందిస్, ఇతన్ని మంగళవారం నా క్లాసుకు తీసుకురా. పిల్లలకు ఎముకలు, కీళ్ళు, చర్మం కలిపి పాఠం చెబుతున్నాను. మూడూ ఒకే మనిషిలో చూపించొచ్చు. తీరిగ్గా నేనూ చూస్తాను, మందూ మారుస్తాను. నువ్వు పక్కనుండి తర్జుమా చెయ్యి" అన్నాడు.

తర్జుమా! డాక్టర్లు కాబోయే పిల్లల ముందు! ఆ మంగళవారం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను, అత్తరు కూడా రాసుకున్నాను. దేవన్నకు కూడా నా పాత ఫుల్‌చేతుల చొక్కా ఇచ్చాను. మనవాళ్ళ పరువు కదా.

వార్డు చివర చిన్న గది. మధ్యలో పరీక్ష బల్ల, చుట్టూ తెల్లకోట్లు వేసుకున్న అరడజను మంది సౌదీ కుర్రాళ్ళు. మూలన ఒక నర్సు గాజుగుడ్డలూ గ్లౌజులూ సర్దుతోంది. ఆవిడను నేనెరుగుదును. పేరు రూబీ. గల్ఫులో నర్సు అంటే కేరళే, అందులో మాకెవరికీ అనుమానం ఉండదు. వరండాలో ఎదురైనప్పుడల్లా "ఎందా చేచీ, సుఖమాణో" అని నాకొచ్చిన మలయాళం ప్రయోగించేవాడిని. ఆవిడా మలయాళంలోనే ఏదో అని నవ్వి వెళ్ళిపోయేది. ఆ రోజూ అలాగే పలకరించాను. ఆ రోజు మాత్రం నవ్వలేదు.

డాక్టర్ ఇద్రీస్ పాఠం చెప్పే పద్ధతి వేరు. రోగం పేరు చెప్పడు. "ముందు చూడండి. తర్వాత అడగండి. తర్వాత తాకండి. ఆ తర్వాతే కీలు కదిలించండి. పేరు మీరే చెప్పాలి" అన్నాడు. హసన్ అనే కుర్రాణ్ణి ముందుకు పిలిచాడు. సన్నగా, బెదురుగా ఉన్నాడు.

"చొక్కా విప్పమనండి" అన్నాడు హసన్.

దేవన్నకు చెప్పాను. వాడు గుండీల మీద చెయ్యి పెట్టి నన్ను చూశాడు. "అందరి ముంగటనా?" అన్నాడు.

"డాక్టర్లు రా. వాళ్ళకు గొడ్డూ మనిషీ ఒకటే. ఇప్పు."

వాచిన వేళ్ళతో గుండీలు ఊడి రాలేదు. హసన్ సాయం చెయ్యబోతే దేవన్న వెనక్కి జరిగాడు. చివరికి ఎలాగో విప్పి, చొక్కాను పొట్ట మీద ఉండలా పట్టుకుని, మోచేతులు రెండూ డొక్కలకు అదిమి కూర్చున్నాడు. వీపంతా మచ్చలు. నేను కూడా అప్పటిదాకా వీపు చూడలేదు. దీపం వెలుగులో ఆ పొలుసులు అభ్రకంలా మెరిశాయి. మెడ దాకా ఎర్రబడి, నేలనే చూస్తున్నాడు. ఒక కుర్రాడు కొంచెం వెనక్కి తగ్గాడు. ఇద్రీస్ వాణ్ణి ఒకసారి చూసి, తన వట్టి చేత్తో దేవన్న మోచెయ్యి పట్టుకుని, గోటితో మెల్లగా గీరి, కొవ్వొత్తి మైనంలా లేచిన పొట్టును అందరికీ చూపించాడు. గోళ్ళ మీద సూదితో పొడిచినట్టున్న చిన్న చిన్న గుంటలు చూపించాడు. "చర్మం, గోళ్ళు, కీళ్ళు. మూడూ ఒకే మాట చెబుతున్నాయి, వినండి" అన్నాడు.

హసన్ ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎప్పటి నుంచి? పొద్దున వేళ్ళు బిగుసుకుంటాయా? ఎంతసేపు? ఇవన్నీ బాగానే తర్జుమా చేశాను. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అన్నాడు.

"మా నాయినకు ఉండె" అన్నాడు దేవన్న మెల్లగా. "మోకాళ్ళకు గిట్లనే. ఆఖర్ల ఆయనను సుత బాయికాడ కొట్టంల పండుకోబెట్టిన్రు."

చూడండి, ఇలాంటివన్నీ పరాయివాళ్ళ ముందు చెప్పుకుంటారా? మన ఊళ్ళలో కన్నతండ్రిని కొట్టంలో పెడతారని సౌదీ పిల్లలు రాసుకోవాలా? "లేదు, ఎవరికీ లేదు" అన్నాను అరబ్బీలో. హసన్ రాసుకున్నాడు. మూలన నర్సు చేతిలో గాజుగుడ్డ ఆగింది. నేను పట్టించుకోలేదు.

అప్పుడు ఇద్రీస్ కలగజేసుకున్నాడు. "హసన్, నువ్వు రోగం గురించి అడిగావు. మనిషి గురించి అడగలేదు. ఈ రోగం అతని నుంచి ఏం తీసుకుపోయింది? అది తెలియకుండా మందు ఎలా రాస్తావు?"

హసన్ తడబడి, దేవన్న ముఖం వైపు వంగి అడిగాడు. "ఈ జబ్బు వచ్చాక నీ బతుకులో ఏం మారింది? నువ్వు ఎవరితో తింటావు? ఎవరితో కూర్చుంటావు?"

నేను తెలుగులో చెప్పాను. ఏదో రెండు ముక్కలు అంటాడనుకున్నాను. దేవన్న మొదలుపెట్టాడు. రెండేళ్ళలో వాడు అంత మాట్లాడగా నేను వినలేదు.

"నొప్పి ఉన్నది, దురద ఉన్నది, గవి ఓర్సుకుంట లింబన్నా. పని కాడ మరిచిపోత. గని అన్నం కాడనే ఓర్సుకోరాదు. బయట మెట్ల మీద కూసుంట గదా, లోపట మీరు నవ్వుతుంటే ఇనొస్తది. ఎందుకు నవ్విన్రో తెల్వది. నా మీదనేనా అనుకుంట. ముద్ద పెట్టబుద్ధి గాదు. మా చిన్నబిడ్డ ఫోన్ జేసి, నాయినా నీ దోస్తులను సూపెట్టు అంటది. సిగ్నల్ లేదు బిడ్డా అని కట్ జేస్త. మొన్న రాము నా బకెట్‌ను కాలుతోని దొబ్బిండు, చెయ్యి పెట్టకుండ. వాని తప్పు లేదు. నాకే నా చెయ్యి జూస్తె రోతొస్తది. గదే మారింది. ఇంకేం లేదు."

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. ఇద్రీస్ కూడా. ముహందిస్ చెబుతాడని చూస్తున్నారు. ఏం చెప్పాలి? "మా పొత్తు పెద్దమనిషి నన్ను మెట్ల మీద కూర్చోబెట్టాడు అంటున్నాడు, ఆ పెద్దమనిషిని నేనే" అని చెప్పాలా? రేపట్నుంచి ఏ ముఖం పెట్టుకుని ఆ వరండాలో నడవాలి? నా నోరు నన్నడక్కుండానే కదిలింది.

"అల్‌హమ్దులిల్లాహ్, ఏమీ మారలేదంటున్నాడు. క్యాంపులో అందరం అన్నదమ్ముల్లా ఉంటామంటున్నాడు. ఒకే చోట తింటాం, ఒకే చోట పడుకుంటాం, ఎవరూ వేరు చెయ్యలేదంటున్నాడు."

ఇద్రీస్ ముఖం ఎంత సంతోషపడిందో! లేచి నా భుజం తట్టాడు. "మాషా అల్లాహ్! రాసుకోండి పిల్లలూ. నా సర్వీసులో ఈ జబ్బున్నవాళ్ళను వందలమందిని చూశాను. చర్మం కంటే చుట్టుపక్కల మనుషులే ఎక్కువ బాధపెడతారు. ఇదిగో, చదువు లేని కూలీలు ఎలా చూసుకుంటున్నారో చూడండి. ముహందిస్, నీ చెయ్యివ్వు" అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. కుర్రాళ్ళు నన్ను గౌరవంగా చూశారు. ఏసీ గదిలో నాకు చంకలు తడిసిపోయాయి. దేవన్న ఆశగా మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. వాడి మాటలు విని డాక్టరు మెచ్చుకుంటున్నాడనుకున్నాడు పాపం.

"అయితే ఇప్పటికి పూత మందే కొనసాగిద్దాం. పెద్ద మందుకు తొందరేం లేదు, మనిషి హాయిగానే ఉన్నాడు. అతనేమైనా అడగాలనుకుంటున్నాడా?" అన్నాడు ఇద్రీస్.

"దేవన్నా, ఏమన్న అడుగుతవా?"

ఎందుకడిగానురా భగవంతుడా! దేవన్న ముఖంలోకి ఒక్కసారి ప్రాణం వచ్చింది. "గదే లింబన్నా! అంటుకోదని చెప్పమను. నోటితోని చెప్పమను."

అప్పుడు తెలిసింది నాకు, ఎంత పీకల్లోతు దిగానో. ఒకే చోట తింటున్నామని అప్పుడే చెప్పి, అంటుకుంటుందా అని ఎలా అడగను? అడిగితే ఆ డాక్టరు వెర్రివాడా? ఎందుకు అడుగుతున్నాడు, ఎవరన్నారు అని తీగ లాగడా? దేవన్న బల్ల అంచు మీదికి జరిగి కూర్చున్నాడు. చొక్కా ఉండ నేల మీద పడింది, చూసుకోలేదు.

"షుక్రన్ అంటున్నాడు డాక్టర్. మీకు రుణపడి ఉంటానంటున్నాడు."

"అఫ్వన్, అఫ్వన్" అని ఇద్రీస్ చిరునవ్వు నవ్వాడు.

"ఏమన్నడు లింబన్నా? అంటుకోదన్నడా?"

అవునంటే సరిపోయేది, అబద్ధం కూడా కాదేమో. కానీ ఆ కళ్ళు చూస్తూ అనలేకపోయాను. అప్పుడే మూల నుంచి వినిపించింది, స్వచ్ఛమైన గోదావరి తెలుగు.

"ఏవండీ, ఆయన అడిగింది అది కాదు కదండీ."

"సిస్టర్... మీరు తెలుగా?" అన్నాను. అంతకంటే దిక్కుమాలిన ప్రశ్న ఇంకోటి ఉంటుందా?

"పాలకొల్లండి మాది. ఇందాకటి నుంచీ వింటూనే ఉన్నాను. ఆయన నాన్నగారి సంగతీ చెప్పలేదు, మెట్ల సంగతీ చెప్పలేదు. ఇప్పుడిదీ చెప్పలేదు. ఆ డాక్టరుగారు దాన్ని బట్టే మందు రాస్తారు. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

గొంతు పెంచలేదు ఆవిడ. తిట్టినా బాగుండేది. నేను తల దించుకుని నిలబడ్డాను. రూబీ ఇంకో క్షణం నాకోసం ఆగింది. ఆ తర్వాత ఇద్రీస్ వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. మెట్లు, బకెట్, వాళ్ళ నాన్న, చిన్నబిడ్డ ఫోను. నాకు ఇంగ్లీషు సరిగా రాదు. కానీ ఒక్కొక్క మాటకూ ఆ గదిలో ముఖాలు నా వైపు తిరుగుతుంటే ఏ మాట ఎక్కడ పడిందో తెలుస్తూనే ఉంది. హసన్ రాసుకున్నది కొట్టేస్తున్నాడు.

ఇద్రీస్ దేవన్న ముందు చిన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నిన్ను వేరుగా ఎవరు కూర్చోబెట్టారు?" అని అడిగాడు. రూబీ తెలుగులో చెప్పింది.

దేవన్న అప్పటికి అంతా గ్రహించాడు. నన్నొకసారి చూశాడు. కోపంగా చూస్తే తట్టుకునేవాణ్ణి. అయ్యో అన్నట్టు చూశాడు.

"ఎవలు లేరు సిస్టరు. నేనే దూరం జరిగిన. లింబన్న మంచిగనే అర్సుకుంటడు. ఆయన లేకుంటే నన్ను ఈడికి తోల్కొచ్చేదెవలు? గట్లనే చెప్పుండ్రి."

రూబీ దేవన్న అన్నది అన్నట్టే చెప్పింది. ఒక్క ముక్క కలపలేదు, తీసెయ్యలేదు. తర్జుమా అంటే అదన్నమాట. మళ్ళీ అందరూ నన్ను చూశారు. ఊరుకుంటే అంతటితో అయిపోయేది. నా పరువు నాకు దేవన్న తిరిగి ఇచ్చేశాడు, తీసుకుని జేబులో వేసుకోవడమే తరువాయి. ఏ పుట్టలో చెయ్యి పెట్టినా ఇంత మంట ఉండదు.

"నేనే" అన్నాను అరబ్బీలో. "అనా. నేనే కూర్చోబెట్టాను. అంటుకుంటుందనుకున్నాం. అంటుకుంటుందా డాక్టర్? అదే అడగమన్నాడు ఇతను. దానికోసమే వచ్చాడు."

"అంటుకోదు" అన్నాడు ఇద్రీస్. నాకు కాదు, దేవన్న ముఖం చూస్తూ అన్నాడు. "కలిసి తిన్నా, కలిసి పడుకున్నా, చెయ్యి పట్టుకున్నా అంటుకోదు. ఇది కుష్ఠు కాదు, గజ్జి కాదు. నీ ఒంట్లోని కాపలావాళ్ళే దారి తప్పి నీ చర్మాన్నీ కీళ్ళనూ కొడుతున్నారు. దీని పేరు సోరియాసిస్." ఆ తర్వాత వేళ్ళు వంగిపోకముందే గట్టి మందు మొదలుపెట్టాలనీ, ముందు రక్తపరీక్షలు చెయ్యాలనీ రూబీతో చెప్పాడు.

"ఇంకొక్కపారి చెప్పమనుండ్రి సిస్టరు" అన్నాడు దేవన్న.

ఇంకొకసారి చెప్పాడు. దేవన్న ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

అక్కడితో వదిలిపెడితే బాగుండేది. ఇద్రీస్ పాఠం పూర్తి చెయ్యాలనుకున్నాడు. "ముహందిస్, ఇలా రా. ఈ వేలు పట్టుకో. పక్క వేలితో పోల్చి ఎక్కడ వేడిగా ఉందో చెప్పు. మీ వాళ్ళకు నువ్వే కదా చెప్పాలి, చేత్తో తెలుసుకుని చెప్పు" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, ఇంకో స్టూడెంటును పిలిచినట్టే పిలిచాడు.

వెళ్ళాను. దేవన్న వేలు నా గుప్పిట్లోకి తీసుకున్నాను. గరుగ్గా, ఉడుకుగా, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురులా ఉంది. "నడుమ కణుపు దగ్గర వేడి" అన్నాను. "శభాష్" అన్నాడు ఇద్రీస్. వేలు వదిలి పక్కకు జరిగాను. చూస్తే అందరూ నా చెయ్యే చూస్తున్నారు. నా కుడిచెయ్యి నా ప్యాంటుకు తుడుచుకుంటోంది. పైకీ కిందికీ, గట్టిగా. నేను చెప్పలేదు దానికి. అదే తుడుచుకుంటోంది.

దేవన్న కూడా చూశాడు. వెంటనే కిందికి వంగి చొక్కా వెతుక్కున్నట్టు చేశాడు.

బయట వరండాలో రూబీ పరీక్షల చీటీలు తెచ్చి ఇచ్చింది. "ఇన్నాళ్ళూ తెలుగని చెప్పలేదేం సిస్టర్?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"మీరు ఫోన్లో మీ పనివాళ్ళను తిట్టడం విన్నానండి, వచ్చిన కొత్తలో. తెలుగని చెప్పుకోబుద్ధి కాలేదు" అంది. దేవన్నతో మాత్రం "పరగడుపున రావాలి బాబాయ్‌గారూ, మర్చిపోకండి" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

బండిలో తిరిగొస్తుంటే నేను ఏసీ పెంచాను, తగ్గించాను, రేడియో పెట్టాను, తీసేశాను. దేవన్న కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. క్యాంపు గేటు దగ్గర దిగేటప్పుడు మాత్రం అడిగాడు. "శుక్రారం నా వంతు ఏసుకోనా లింబన్నా?"

"ఏసుకో" అన్నాను.

ఆ రాత్రే అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. అంటుకోదు, డాక్టరు రెండుసార్లు చెప్పాడు, నేను స్వయంగా విన్నాను అన్నాను. నేను ఆసుపత్రిలో ఏం చేశానో అది చెప్పలేదు. ధైర్యం చాలలేదు. "లింబన్న జెప్పినంక ఏమున్నదే" అని అందరూ తలలూపారు. రాము అందరికంటే ఎక్కువ ఊపాడు. తలలూపడానికేం, నేనూ అలాగే ఊపేవాణ్ణి.

శుక్రవారం దేవన్న పొద్దున్నుంచే వంటింట్లో ఉన్నాడు. మాంసం కూర, బగారన్నం, పచ్చిపులుసు. మాంసం కడుగుతూ కాదు, ఉల్లిగడ్డ తరుగుతూ కాదు, పచ్చిపులుసు దగ్గర చూశాను నేను వాణ్ణి. నానిన చింతపండును గిన్నెలో పిసుకుతున్నాడు. వేళ్ళ పగుళ్ళలోకి పులుపు దిగి పళ్ళు బిగబట్టాడు. గంటె పెట్టి నలపమందామనుకున్నాను. కానీ నేను ఎందుకంటున్నానో వాడికి అనుమానం వస్తుందేమోనని ఊరుకున్నాను.

పేపర్లు పరిచి గుండ్రంగా కూర్చున్నాం. దేవన్న నా ఎదురుగా కూర్చున్నాడు. ఎవరూ వాడికి దూరం జరగలేదు, ఆ మాత్రం మర్యాద చూపించారు. అన్నం వడ్డించుకున్నారు. మాంసం గంటెతో వేసుకున్నారు, అది ఉడికింది కదా. పొయ్యెక్కని పచ్చిపులుసు గిన్నె మాత్రం ఒకరి చేతి నుంచి ఒకరికి కదిలింది. "నాకు సర్దయిందే" అన్నాడొకడు. "పులుపు తింటే నాకు గ్యాస్ అయితది" అన్నాడు ఇంకొకడు. రాము ఏమీ అనకుండా పక్కవాడికి ఇచ్చేశాడు. గిన్నె అట్లాగే నిండుగా నా దగ్గరికి వచ్చింది. దేవన్న అన్నం కలుపుతున్నట్టు తల వంచుకున్నాడు. ముద్ద మాత్రం నోటికి ఎత్తడం లేదు.

నేను గిన్నె వంచి నా అన్నంలో బాగా పోసుకున్నాను. అందరూ చూడాలనే పోసుకున్నాను. కలిపి పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాను. రుచిగా ఉంది. దేవుడి మీద ఒట్టు, రుచిగానే ఉంది. అయినా నా గొంతు దాన్ని కిందికి పోనివ్వలేదు. అంటుకోదని తెలుసు నాకు, నా చెవులతో విన్నాను, అరబ్బీలో విన్నాను, తెలుగులో విన్నాను. గొంతుకు మాత్రం ఏ భాషా ఎక్కలేదు. ముద్ద అట్లాగే దవడలో ఉండిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉమ్మేస్తే చచ్చినంత పని, మింగుదామంటే దిగదు. అందరూ చేతులు ఆపి నా నోటి వంకే చూస్తున్నారు.

దేవన్న నీళ్ళ గిలాస నా ముందుకు జరపబోయి, ఎందుకో తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మెల్లగ తిను లింబన్నా" అన్నాడు. "అలవాటయితది."